నీళ్ళకు వీపు పెట్టి

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరబీ అక్షరాలు నేర్చుకున్నది తల నెరిశాక. చుక్క పైన పెట్టాలో కింద పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ పూర్తయ్యేసరికి పొయ్యి మీద టీ మరిగి మరిగి ఇంకిపోతుంది. అయినా ఇది నేనే రాయాలనుకున్నాను. మా హైఫా సంగతి మా ఊరు దహబ్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. మా మరిది ఔదా అయితే, దానికి మునగడం నేర్పింది తనేనని ఒంటె ఎక్కడానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు. మోకాళ్ళు తడిస్తేనే వెనక్కి పరిగెత్తే మనిషి ఔదా.

హైఫా నాకు ఒక్కతే కూతురు. ఇస్మాయిలియా వెళ్ళి, హాస్టల్లో ఉండి, యూనివర్సిటీలో కామర్స్ చదివి వచ్చింది. మా పేటలో ఆడపిల్ల డిగ్రీ తేవడం అదే మొదలు. ఔదా ఆ కాగితానికి అద్దం కట్టించి మా గోడకు వేలాడదీశాడు. తర్వాత ఏడాదంతా ఆ పిల్ల ఆ అద్దం తుడవడం తప్ప దానితో చేసిన పని లేదు. ఉద్యోగాలు లేవు. చివరికి సముద్రం ఒడ్డున ఒక మునక బడిలో, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూర్చోమన్నారు. వీపున గాలి సీసా లేకుండా, ఒక్క ఊపిరితో తాడు వెంబడి లోతుకు దిగి, ఆ ఊపిరితోనే పైకి రావడం నేర్పుతారక్కడ. ఫ్రీడైవింగ్ అంటారు. దాని కోసం ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో మా ఊరొస్తారు.

ఒకరోజు జర్మనీ ఆయనెవరో ఒడ్డు పక్కన ఖరీదైన నల్లకళ్ళద్దాలు నీళ్ళలో పడేసుకున్నాడు. శిక్షణకు వచ్చినవాళ్ళు వెతికి వెతికి ఊరుకున్నారు. హైఫా బల్ల మీద పెన్ను పెట్టి, చెప్పులు విడిచి, ఒంటి మీది పొడవాటి అంగీతోనే దిగి, అద్దాలు తెచ్చిచ్చి, మళ్ళీ వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. కూర్చున్నచోట బట్టల నీళ్ళు మడుగు కట్టాయి. బడి నడిపే అమ్మాయి, అలెగ్జాండ్రియా మనిషి, కెప్టెన్ దాలియా అంటారు, ఆ మడుగు కేసి చూసి అడిగిందట.

"ఎంత లోతుందో తెలుసా అక్కడ?"

"తెలీదు కెప్టెన్. మా అమ్మతో ఆక్టోపస్‌లు పట్టడానికి వెళ్ళేదాన్ని. అవి ఇంకా కిందుంటాయి."

ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట బల్ల దగ్గర వేరే ఎవరో కూర్చున్నారు. నాకు ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. బట్టలు ఉతికేటప్పుడు ఉప్పు ఎక్కువగా వస్తోందని అడిగితే చెప్పింది.

ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. ఎందుకో చెబుతాను.

హైఫా వాళ్ళ నాన్న ముసల్లమ్ పోయింది ఈ నీళ్ళలోనే. అప్పటికి హైఫాకి పాలపళ్ళు ఊడుతున్నాయి. ఒక పడవ లంగరు పగడపు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే విడిపించడానికి దిగాడు. అలా దిగడం ఆయనకు కొత్త కాదు. నేను ఒడ్డునే ఉన్నాను. పైకి వచ్చాడు. తల కనిపించింది, చెయ్యి ఎత్తాడు. వచ్చేశాడు కదా అని టీ వంచడానికి నేను వెనక్కి తిరిగాను. గ్లాసు నిండేలోపల మళ్ళీ చూస్తే నీళ్ళు చదునుగా ఉన్నాయి.

లోతు మనిషిని అక్కడ ఏమీ చెయ్యదు, పైకి వచ్చి గాలి అందిన తర్వాత దీపం ఆర్పినట్టు ఆర్పుతుందని దాలియా తర్వాత నాకు చెప్పింది. నాకు అది ముందే తెలుసు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టాను. నీళ్ళలోంచి తల బయటపెట్టిన వాళ్ళెవరైనా, వేరే మాట మాట్లాడేముందు, నాకు వినబడేలా "అల్‌హందులిల్లాహ్" అనాలి. దేవుడికి కృతజ్ఞత చెప్పినట్టూ ఉంటుంది, ప్రాణంతో ఉన్నట్టు నాకు తెలిసినట్టూ ఉంటుంది. హైఫా చిన్నప్పుడు బకెట్‌లో తల ముంచి తీసినా అనేది. ఇస్మాయిలియా హాస్టల్లో స్నానాల గదిలోంచి అరిస్తే తోటి పిల్లలు ఎవరో పడిపోయారనుకుని తలుపు బాదారట.

దాలియా మా ఇంటికి వచ్చింది. మా సాజ్ పెనం మీద కాల్చిన రొట్టె తిని, నేను పోసిన టీ తాగి, తిన్నగా విషయానికి వచ్చింది.

"పిన్నీ, ఇంకో రెండు నెలల్లో ఇక్కడే పోటీ ఉంది. హైఫాని దింపుతాను. అందులో అంతా సరిగ్గా చేసిందని తెల్ల కార్డు ఇస్తే దేశం జట్టులోకి తీసుకుంటారు. తప్పితే ఎర్ర కార్డు."

ఔదా అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాడు. "జట్టా? టోర్‌లో స్కూలు ఆఫీసులో దీనికి గుమాస్తా పని మాట్లాడి పెట్టానమ్మా నేను. పెన్షనొచ్చే పని. సముద్రంలో పెన్షనిస్తారా?"

"ఇవ్వరు బాబాయ్‌గారూ."

"మరి ఏం వేసుకుని దిగుతుంది?"

దాలియా సంచిలోంచి నల్లటి రబ్బరు సూటు తీసి చూపించింది. తలకు కూడా తొడుగు ఉంది. ఔదా దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, అటూ ఇటూ తిప్పి, "ఇది మా ఆవిడ కట్టుకునేదాని కన్నా నిండుగా ఉందే" అన్నాడు. ఆ అభ్యంతరం అంతటితో పోయింది.

నాది పోలేదు. హైఫా నా ముందు కూర్చుని నా కాళ్ళ మీద చేతులు పెట్టింది. అది బతిమాలే పిల్ల కాదు.

"ఒక్క పోటీ అమ్మా. ఎర్ర కార్డు వస్తే టోర్ వెళ్ళిపోతాను. మళ్ళీ తాడు ముట్టుకోను."

"నేను ఒడ్డునే ఉంటాను. కళ్ళార్పను."

"ఉండు."

"పైకి రాగానే అనాలి."

"ఎప్పుడు అనలేదమ్మా?"

అలా ఒప్పుకున్నాను. ఒప్పుకున్న రోజు నుంచీ ఆ పిల్ల ఓడిపోవాలనే మొక్కుకున్నాను. అబద్ధమెందుకు? ప్రాణంతో పైకి రావాలి, ఎర్ర కార్డు రావాలి, టోర్ వెళ్ళాలి. నా ప్రార్థనలన్నీ ఈ మూడింటి చుట్టే తిరిగాయి.

పోటీ జరిగేది బ్లూ హోల్ దగ్గర. ఒడ్డు పక్కనే నేల ఒక్కసారిగా బావిలా దిగిపోయే చోటు. నీళ్ళ పక్కన నిటారుగా కొండ. ఆ కొండ మీద, అక్కడ మునిగి పైకి రానివాళ్ళ పేర్లు చెక్కిన రాళ్ళు బిగించి ఉంటాయి. పోయినవాళ్ళ స్నేహితులు పెట్టించుకున్నవి. నేను ఆ దారిన ఎప్పుడు వెళ్ళినా తల వంచుకునే వెళ్ళేదాన్ని.

ఒడ్డు నుంచి నీళ్ళ మీదికి ఒక చెక్క వంతెన ఉంది. దాని చివర మాకు చోటిచ్చారు. ఎదురుగా నాలుగు బారల దూరంలో తెప్ప, తెప్ప నడుమ నుంచి కిందికి తాడు. తాడుకు అడుగున పళ్ళెం లాంటిది, దాని మీద చిన్న చీటీ. అది తీసుకుని పైకి రావాలి. హైఫా యాభై ఐదు మీటర్లు చెప్పింది. ఔదా వేళ్ళ మీద మేడలు లెక్క పెట్టి, మా ఊళ్ళో అంత ఎత్తు మసీదు మినారు కూడా లేదని తేల్చాడు.

హైఫా నీళ్ళ మీద వెల్లకిలా పడుకుని ఊపిరి పీల్చింది. మునిగింది. కాళ్ళకు తొడిగిన రెక్కల చివర తెల్లగా కనిపించి మాయమైంది. మైకులో ఒక అబ్బాయి లోతు చెబుతున్నాడు. ఇరవై. ముప్పై. అతని గొంతు కూరగాయలు అమ్మేవాడి గొంతులా మామూలుగా ఉంది. నలభై అన్న తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. నేను వంతెన చెక్కను పట్టుకున్నాను. పేడు వేలిలో దిగింది, అది తర్వాత తెలిసింది.

"అడుగు తాకింది. పైకి వస్తోంది."

కాపలా మునగాళ్ళు ఇద్దరు దానికి ఎదురు దిగారు. నీళ్ళలో నల్లటి నీడ పెద్దదైంది. హైఫా తల బయటికి వచ్చింది. ఊపిరి లాగిన చప్పుడు వంతెన దాకా వినిపించింది. అది నేరుగా నా మొహంలోకి చూసి, గొంతెత్తి, "అల్‌హందులిల్లాహ్" అంది. తర్వాత మొహానికి పెట్టుకున్న ఈత అద్దం తీసింది. బొటనవేలు, చూపుడువేలు చుట్టి చూపించింది. "ఐ యామ్ ఓకే" అంది.

నేను లేచి నిలబడి నాలుక ఆడించి కేక పెట్టాను, పెళ్ళిలో పెట్టినట్టు. తెప్ప మీద టోపీ పెట్టుకున్న పెద్దావిడ, తీర్పు చెప్పే ఆవిడ, చెయ్యి ఎత్తింది. చేతిలో ఎర్ర కార్డు.

"ఎరుపు మంచిదేగా? మన జెండాలోనూ ఉంది" అన్నాడు ఔదా.

మంచిది కాదని హైఫా మొహమే చెప్పింది.

దాలియా ఈదుకుంటూ వచ్చి వంతెన పట్టుకుంది. "పిన్నీ, పైకి వచ్చాక ముందు అద్దం తియ్యాలి. తర్వాత వేళ్ళు చూపాలి. తర్వాత 'ఐ యామ్ ఓకే' అనాలి. పదిహేను లెక్కపెట్టేలోగా ఈ మూడే, ఈ వరసలోనే. మధ్యలో ఇంకేం రాకూడదు. మెదడు సరిగా పనిచేస్తోందో లేదో వాళ్ళు చూసేది దాంతోనే."

"దేవుణ్ణి తలుచుకుంటే మెదడు పనిచెయ్యనట్టా?" ఔదా తెప్పకు వినబడేలా అడిగాడు. "ఆవిడకి చెప్పు, తలుచుకోకపోతేనే పనిచెయ్యనట్టు అని."

"బాబాయ్‌గారూ, 'అమ్మా' అని అరిచినా ఇంతే. పొద్దున్న ఇటలీ కుర్రాడు సంతోషంతో ఈల వేశాడు. వాడికీ ఎరుపే."

"ఈలా, దేవుడి పేరూ ఒకటేనా?"

"పదిహేను లెక్కలకి ఒకటే."

జీపులో ఇంటికి వస్తుంటే హైఫా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను కోరుకున్నవన్నీ జరిగాయి. ప్రాణంతో పైకి వచ్చింది. ఎర్ర కార్డు వచ్చింది. ఇక మిగిలింది టోర్. నా గుండె కుదుటపడాలి కదా, పడలేదు.

ఇంట్లో హైఫా గోడ మీది డిగ్రీ దింపి, అద్దం విప్పి, కాగితం తీసి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది. ఆఫీసులో చూపించాలి కదా. పిండి పిసకడానికి కూర్చుంది. మేక వచ్చి అద్దం కట్టిన అట్ట తింటూ ఉంటే తోలను కూడా లేదు.

"ఊపిరి చాలలేదా?" అన్నాను.

"చాలింది. ఇంకా ఉంది."

"కాళ్ళు?"

"కాళ్ళు బాగానే ఉన్నాయమ్మా."

"మరి ఆ మాట ఎందుకన్నావు? దాలియా వరస నేర్పింది కదా నీకు."

పిండి చేతులతో జుట్టు వెనక్కి తోసుకుంది. "బడి దగ్గర ఎప్పుడూ తప్పలేదు. అక్కడ నువ్వుండవు. ఇవాళ నువ్వు కనిపించావు. నువ్వు భయపడుతున్నావని వచ్చేసింది నోట్లోంచి."

ఊపిరి చాలక ఓడి ఉంటే చెయ్యి పట్టుకుని టోర్ బస్సు ఎక్కించేదాన్ని. కానీ అది లోతును దాటి వచ్చి, నా దగ్గర ఆగిపోయింది. ఆ తేడా నాకు మింగుడు పడలేదు.

"ఎల్లుండి ఇంకోసారి దిగొచ్చట కదా. దాలియా చెప్పింది" అన్నాను.

"మనం అనుకున్నది ఒక్క పోటీ అని."

"పోటీ ఇంకా అవలేదుగా."

హైఫా పిండి మీద చెయ్యి ఆపి నా కేసి చూసింది. నేను మేకను తోలడానికి లేచాను.

మర్నాడు మధ్యాహ్నం పోటు తగ్గినప్పుడు మేమిద్దరం ఆక్టోపస్‌ల చోటికి వెళ్ళాం. ఒడ్డు పక్కనే, నడుము లోతులో ఆగాం. మునిగి లేచి, అద్దం, వేళ్ళు, మాట. అంతే చెయ్యాలి. నేను ఎదురుగా నిలబడ్డాను. మునిగింది, లేచింది, "అల్‌హం..." అని నాలుక కరుచుకుంది. మళ్ళీ మునిగింది. ఈసారి మాట రాలేదు గానీ, నా మొహం చూసి అద్దం తియ్యడం మర్చిపోయింది. మళ్ళీ. మళ్ళీ. ఒడ్డున మేకలు కాసే ఆడవాళ్ళు చూసి, చదువుకున్న పిల్లకి పిచ్చి పట్టిందనుకుని ఉంటారు.

"నీ మొహం అలా పెట్టకమ్మా."

"ఎలా పెట్టాను?"

"నాన్న పోయినప్పటిలా."

"నాకున్నది ఇదొక్క మొహమే."

ఇద్దరం నవ్వాం. నీళ్ళు మా నడుముల చుట్టూ చిన్నగా కదులుతున్నాయి.

చివరికి నేనే అన్నాను. "నేను అటు తిరుగుతాను."

తిరిగి ఒడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. వెనక మునిగిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. నా వీపంతా కళ్ళయింది. మెడ తనంతట తను తిరగబోతుంటే రెండు చేతులతో పట్టుకున్నాను. నీళ్ళు చిమ్మిన చప్పుడు, ఊపిరి, కాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత "ఐ యామ్ ఓకే."

తప్పు లేదు. మళ్ళీ చేసింది. తప్పు లేదు.

"ఎల్లుండి... కాదు, రేపు కూడా ఇలాగే కూర్చుంటాను" అన్నాను.

"కూర్చోగలవా?"

"నువ్వు దిగగలవా?"

"దిగుతాను."

"అయితే అడక్కు."

ఇంట్లో ఉండిపొమ్మని ఔదా సలహా ఇచ్చాడు. ఇంట్లో ఉంటే చచ్చిపోతాను. అక్కడే ఉండాలి, చూడకూడదు. నాకు దొరికిన దారి అదొక్కటే.

ఆ రోజు ఉత్తరపు గాలి లేచింది. వంతెన చివర, నీళ్ళకు వీపు పెట్టి కూర్చున్నాను. అలా కూర్చుంటే ఎదురుగా కొండే. కొండ మీద ఆ రాళ్ళే. ఇన్నేళ్ళూ తల వంచుకుని దాటిన రాళ్ళు, ఇప్పుడు చూడకుండా ఉండే వీలు లేదు. కళ్ళు మూసుకుంటే ముసల్లమ్ చెయ్యి ఎత్తుతున్నాడు. అందుకని కళ్ళు తెరిచి రాళ్ళనే చూశాను. అన్నీ పరాయి దేశాల అక్షరాలు. ఒక్కదాని మీద మాత్రం మా అరబీ అక్షరాలు. అప్పటికి నాకు అవీ చదవడం రాదు.

"వదినా, పడుకుంది నీళ్ళ మీద" అన్నాడు ఔదా, నా పక్కన నీళ్ళ వైపు తిరిగి కూర్చుని.

"నువ్వు నోరు మూసుకో. నాకేం చెప్పకు."

"సరే. మునిగింది."

"ఔదా."

"చెప్పను. ఇక చెప్పను."

మైకులో అబ్బాయి మొదలుపెట్టాడు. పది. ఇరవై. గాలికి గొంతు చిరిగిపోతోంది. ముప్పై. ఒక మేకపిల్ల కొండ దిగువన రాయి నాకుతోంది. నలభై. యాభై. ఆ తర్వాత గాలి తప్ప ఏమీ లేదు. అడుగు తాకిందని అన్నాడో, గాలి మింగేసిందో. అడుగుదామంటే ఔదా నోరు నేనే మూయించాను. తల తిప్పితే చాలు. ఒక్క చూపు. అది కింద ఉంది కదా, నేను తిరిగితే దానికేం కనిపిస్తుంది? కానీ పైకి వచ్చే క్షణం నాకెలా తెలుస్తుంది? తలకు కట్టుకున్న గుడ్డ కొంగు నోట్లో కుక్కుకుని కొరికాను.

"పైకి వస్తోంది" అన్నాడు మైకు అబ్బాయి. ఇరవై దగ్గర కాపలావాళ్ళు కలిశారన్నాడు.

ఔదా లేచి నిలబడ్డాడు. చెక్క కిర్రుమంది. ఎందుకు లేచాడు?

నీళ్ళు చిమ్మాయి. ఊపిరి. ఇంకో ఊపిరి. ఇక వినబడాల్సింది మాట. రాలేదు. పక్కన ఔదా కూడా ఊపిరి బిగబట్టాడు. తెప్ప మీద దాలియా "ఊపిరి, హైఫా, ఊపిరి" అంటోంది. ముసల్లమ్ కూడా ఊపిరి పీల్చాడు. చెయ్యి కూడా ఎత్తాడు. నేను తిరిగింది ఆ తర్వాతే. ఇప్పుడూ తిరిగే ఉన్నాను. నా నోట్లో గుడ్డ లేకపోతే నేనే అరిచేదాన్ని ఆ మాట, అరిచి దాని నోట్లో పెట్టేదాన్ని.

"ఐ యామ్ ఓకే."

చిన్న గొంతు. గరగరగా ఉంది. కానీ దానిదే.

ఆ తర్వాత మళ్ళీ ఏమీ లేదు. తీర్పు చెప్పే ఆవిడ ఆలోచిస్తోందో, హైఫా మునిగిపోతోందో నాకెలా తెలుసు? మాట అన్నాక కూడా ఆరిపోవచ్చు. కొండ మీద అరబీ అక్షరాల రాయినే పట్టుకుని వేలాడాను కళ్ళతో.

ఉన్నట్టుండి నీళ్ళు వర్షం పడ్డట్టు మోగాయి. తెప్ప చుట్టూ ఉన్నవాళ్ళంతా అరచేతులతో నీళ్ళు కొడుతున్నారు. ఈ మునగాళ్ళు చప్పట్లు కొట్టేది అలాగే. ఔదా అల్లాహ్ పేరు, తన తండ్రి పేరు, తాత పేరు వరసగా అరుస్తున్నాడు. ఎవరో ఎవరినో కౌగిలించుకున్నారు. వంతెన ఊగింది.

నేను మాత్రం కొండకేసి చూస్తూ కూర్చునే ఉన్నాను. తిరగొచ్చని నాకెవరూ చెప్పలేదు.

చాలాసేపటికి ఔదాకి గుర్తొచ్చింది. "వదినా, అయిపోయింది. తెలుపు. ఇంకా ఆ రాళ్ళేం చూస్తావు? తిరుగు."

తిరగలేకపోయాను. మెడ పట్టేసింది. దాని బదులు హైఫాయే వచ్చింది. వంతెన కింద నుంచి ఈదుకుంటూ నాకు కనిపించేలా పక్కకు వచ్చి, చెక్క పట్టుకుని తల బయటపెట్టింది. పెదాలు నీలంగా ఉన్నాయి. ముక్కు కారుతోంది. నా నోట్లోంచి గుడ్డ లాగేసింది.

"ఎందుకంత ఆలస్యం చేశావే?" అన్నాను.

"మాట నోట్లో అడ్డం పడింది. మింగడానికి టైం పట్టింది."

"మింగేశావా?"

"లేదు, దాచాను." నా మోకాలి మీద గడ్డం ఆనించి, నాకు మాత్రమే వినబడేలా అంది. "అల్‌హందులిల్లాహ్."

జట్టులోకి తీసుకున్నారు. మరుసటి ఏడు గ్రీసు దేశంలో పెద్ద పోటీలో మూడో స్థానం తెచ్చింది. ఆ పతకాన్ని డిగ్రీతో కలిపి పాత అద్దంలోనే మళ్ళీ కట్టించాడు ఔదా, రెండూ ఒకేచోట ఇరుక్కుని వంకరగా కూర్చున్నాయి. టోర్ ఉద్యోగం ఔదా బావమరిదికి వచ్చింది. ఇప్పుడు హైఫా సొంత బడి నడుపుతోంది. మా పేట ఆడపిల్లలకు మధ్యాహ్నం ఉచితం. దాని దగ్గర పైకి వచ్చిన ప్రతి పిల్లా ముందు అద్దం తీస్తుంది, వేళ్ళు చూపిస్తుంది, మాట అంటుంది, తర్వాత ఒడ్డుకు తిరిగి వాళ్ళ అమ్మ కోసం ఆ రెండో మాట అంటుంది. వరస నేనే పెట్టించాను.

నాకు భయం తగ్గిందని ఎవరైనా అనుకుంటే అది తప్పు. వచ్చే నెల మళ్ళీ పోటీ ఉంది. అప్పుడూ కొండకేసి తిరిగే కూర్చుంటాను. అక్షరాలు వచ్చాక చేసిన మొదటి పని అక్కడికి వెళ్ళి ఆ అరబీ రాయి చదవడం. చాలాసేపు పట్టింది. అలెగ్జాండ్రియా కుర్రాడు, పేరు బహాయుద్దీన్. ఇప్పుడు హైఫా కింద ఉన్నంతసేపూ అతని కోసం ప్రార్థన చేస్తూ ఉంటాను. చేతులు ఖాళీగా ఉండవు.

సబ్‌హా, ముసల్లమ్ భార్యను. వయసు యాభై ఎనిమిదని కార్డులో ఉంది. దహబ్‌లో, హైఫా బడి వెనక గదిలో ఉంటున్నాను. కిటికీ సముద్రం వైపే ఉంది.